భాష అంటే పలుకు: గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం

ఉగాది సంచికలో ఒక మహనీయుని జీవితం చెప్పుకోవడం మంచి వాడుక. ఈ యేడు నేను చెప్పబూనినది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని గురించి. మన ఆరణి తెలుగు వినబడే నేలకు దక్షిణపు కొసన వుంటే, పంతులుగారి సీమ ఉత్తరపు కొసన వుంది. అంత దూరపు మనిషి కథ మనకెందుకని అడిగేవారుంటారు. వారికి ముందుగా మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలి.

చాలా యేండ్ల క్రిందట మా ఇంట ఒక పెండ్లి జరిగింది. మగపెండ్లివారు కృష్ణాతీరం నుంచి వచ్చినారు. పంక్తిలో చారు ఇంకా ఉండాదని, సాపాటుకు మిగిలినవారు కూడా లేవవచ్చని మా అవ్వ వంటింట్లోనుంచి కేక వేసింది. ఆ ఉండాది అన్న మాట విని వియ్యాలవారి పిల్లలు పకపక నవ్వినారు. వారిలో ఒక పెద్దాయన, ఇది తెలుగు కాదు, అరవంలో నానిన వేరే యేదో భాష అని వేళాకోళం కూడా చేసినారు. అవ్వ బదులు చెప్పలేదు. పెండ్లి ముగిసి వారు బండి యెక్కేవరకు వారి యెదుట మళ్లీ నోరు విప్పనూ లేదు. ఆమె మాట్లాడినది తెలుగా, కాదా? చిన్ననాటినుంచి నన్ను వదలని ఈ ప్రశ్నకు సరియైన సమాధానం నాకు పంతులుగారి జీవితంలో దొరికింది.

అసలు భాష అనే మాటకు అర్థమేమిటి? మాట్లాడుట అనే అర్థమున్న సంస్కృత ధాతువునుంచి అది పుట్టింది. దాని తద్భవమే మన బాస. బాస అంటే మాట, బాస అంటే ప్రతిన కూడాను. అచ్చ తెలుగులో నుడి అంటాం, పలుకు అంటాం. ఇంగ్లీషువారు వాడే మాట కూడా నాలుకకు లాటినులో వున్న పేరునుంచి వచ్చినదే. వీటిలో ఒక్కదానికైనా వ్రాత అనే అర్థం మొదట లేదు. అయితే చదువుకున్నవారి నోట కాలక్రమాన భాష అంటే పుస్తకంలోని భాషే అయి కూర్చుంది. తక్కినదంతా యాస, మోటు, గ్రామ్యం. ఈ భేదం మనకు కొత్త కాదు. సెందమిళ్, కొడుందమిళ్ అనే రెండు పేర్లు మనం చుట్టూ వింటూనే వున్నాం. మైకు ముందు ఒక తమిళం మాట్లాడిన పెద్దమనిషి, మెట్లు దిగి కాఫీ తాగేటప్పుడు వేరొక తమిళం మాట్లాడుతాడు. ఎవరూ ఆశ్చర్యపడరు. తెలుగులో ఈ భేదాన్ని చూచి ఆశ్చర్యపడి, ఊరుకోక, జీవితమంతా దానిమీద పోరాడినవారు రామమూర్తి పంతులుగారు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గర, వంశధార తీరాన పర్వతాలపేటలో పుట్టినారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిది రెవెన్యూ ఉద్యోగం. కుమారునికి పన్నెండేండ్లు నిండీ నిండకముందే, 1875లో, ఆయన కాలం చేసినారు. పిల్లవాడు విజయనగరం చేరి మహారాజావారి ఇంగ్లీషు స్కూలులో చదువుకున్నాడు. అక్కడ తోడి విద్యార్థి గురజాడ అప్పారావుగారు. ఆ ఇద్దరు కుర్రవాళ్లూ ముందుముందు తెలుగు భాషకు యేమి చేయబోతున్నారో అప్పుడెవరికి తెలుసు! 1879లో మెట్రిక్యులేషను గట్టెక్కింది. పైచదువుకు డబ్బు లేదు. మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి స్కూలులో ఉపాధ్యాయుడుగా కుదిరినారు. జీతం ముప్పయి రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ఇంటివద్ద చదువుకొని పరీక్షలు ఒకటొకటిగా దాటి, 1896లో బి.ఏ. పట్టా సంపాదించినారు. ముఖలింగం గుడిలోని శాసనాలను తమంతట తామే చదవడం నేర్చుకొని, వాటిని గురించి ఇంగ్లీషులో వ్యాసాలు కూడా వ్రాసినారు. ఆ శాసనాల పరిచయం తరువాత ఆయనకు ఆయుధంగా పనికివచ్చింది. ఆ సంగతి ముందు చెబుతాను.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలుంటారు. పోడు చేసుకొని బ్రతికే జనం. కట్టెలూ చింతపండూ తెచ్చి సంతలో అమ్ముకొని, ఉప్పూ గుడ్డా కొనుక్కొని పోతారు. వారి భాష సంతలో యెవరికీ రాదు; తెలుగువారికీ రాదు, ఒరియావారికీ రాదు. తూకంలో మోసపోయినా, కాగితం మీద వేలిముద్ర వేసి అప్పులో చిక్కినా, చెప్పుకోవడానికి వారికి నోరుండీ లేనట్టే. కచేరీలో వారికీ అధికారికీ నడుమ దుబాసీ చెప్పినదే వేదం. సవర మాటకు లిపి లేదు, పుస్తకం లేదు గనుక అది భాషే కాదని, అదేదో కొండ కూతలని పట్నవాసుల నమ్మకం.

పంతులుగారు ఆ నమ్మకాన్ని ఒప్పుకోలేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒకరిని జీతమిచ్చి ఇంట్లోనే పెట్టుకొని, పాఠం నేర్చుకునే పిల్లవాడివలె మాట తరువాత మాట అడిగి నేర్చుకున్నారు. తరువాత కొండలెక్కి సవరపల్లెల్లో తిరిగినారు. మనం సులువుగా ఒక వాక్యమనేసిన సంగతి వెనుక కొన్ని దశాబ్దాల శ్రమ వుంది. ఆ భాషలో అచ్చులను గొంతులో ఆపి పలికే పద్ధతి ఒకటుంది. తెలుగు చెవికి అది అందనే అందదు, తెలుగు లిపిలో దానికి గుర్తు లేదు. క్రియాపదంలోనే కర్మను కలిపివేసే పద్ధతి వుంది: పులిని పట్టుకోవడం వంటి సంగతి మనకు రెండు మూడు మాటలు, సవరకు ఒక్క క్రియలో ఇమిడిపోతుంది. ఇది మన ద్రావిడ భాషల కుదురు కాదు. మధ్య భారతపు ముండా భాషలకు చుట్టం. దాని దూరపు బంధువులు బర్మాకు ఆవల, వియత్నాం వరకు వున్నారు. వ్యాకరణం లేదనుకున్న భాషకు ఇంతటి నిండు వ్యాకరణం వుందని లోకానికి చూపినది ఒక చిన్న జమీందారీ ఊరి స్కూలు మాస్టరు.

ఆయన నేర్చుకొని ఊరుకోలేదు. సవర పిల్లలకు వాచకాలు తయారుచేసినారు. వారి పాటలూ కథలూ సేకరించినారు. స్వంత ఖర్చుతో బడులు పెట్టించి, సవర మాటతోనే చదువు చెప్పించినారు. మద్రాసు ప్రభుత్వంవారు ఈ కృషికి మెచ్చి బహుమానంగా ధనం ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ డబ్బుతో సవరల బడి నడిపించమన్నారు. పిల్లవాడికి తెలియని సంగతిని తెలియని భాషలో చెప్పరాదు, తెలిసిన భాషలో మొదలుపెట్టాలి అనేది ఆయన సిద్ధాంతం. ఇప్పుడు ఇది పెద్ద పెద్ద విద్యాసంఘాలు చెబుతున్న మాట. అప్పుడు చెప్పినవారు తక్కువ. చేసి చూపినవారు మరీ తక్కువ.

ఆ కొండల్లో తిరిగినందుకు ఆయన చెల్లించిన వెల వుంది. అది మలేరియా సీమ. జ్వరం మీద జ్వరం, దానికి క్వినైను. ఆ మందు యెక్కువై వినికిడి పోతూ వచ్చింది, చివరికి చెవుడు వచ్చింది. ఇతరుల పలుకు వినడమే వృత్తిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం కంటె కష్టం యేముంటుంది? ఆయన మాత్రం అందుకు పని మానలేదు.

ఇక తెలుగు సంగతి. ఈ కథలో యెదుటి పక్షానికి మూలపురుషుడు మన ఇరుగుపొరుగువాడే. బాలవ్యాకరణం వ్రాసిన పరవస్తు చిన్నయసూరిగారిది శ్రీపెరంబుదూరు. మన ఆరణికి అదేమంత దూరం? చెన్నపట్టణంలో పచ్చయ్యప్ప పాఠశాలలోను, తరువాత ప్రభుత్వ పాఠశాలలోను ఆయన తెలుగు పండితులుగా వుండి, 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణాన్ని వెలువరించినారు. ఆయన భాషను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు తెగలు చేసినారు. లక్షణానికి లొంగని మాట గ్రామ్యం. అది కావ్యంలోకి రాదు. కావ్యాలు చదువుకునేవారికి ఆ గ్రంథం నిజంగా దీపం వంటిది; సూత్రాల బిగువులో దానికి సాటి వచ్చినది మరొకటి లేదని నా అభిప్రాయం. చిక్కు యెక్కడ వచ్చిందంటే, కావ్యాలకు చేసిన కొలబద్దను తరువాతివారు పిల్లల వచనానికి పెట్టినారు. కవిత్రయం నాటి పద్యభాషలో ఇరవయ్యవ శతాబ్దపు పిల్లవాడు ఆవును గురించి వ్యాసం వ్రాయాలి.

దాని ఫలితం పంతులుగారు ప్రతిరోజూ తరగతిలో చూచినారు. పిల్లవాడు నోటితో చక్కగా చెప్పిన సంగతినే కలం పట్టేసరికి చెప్పలేకపోతాడు. వాడు చేస్తున్నాడని అంటే పుస్తకం చేయుచున్నాడని వ్రాయమంటుంది. అరసున్నను పలికేవారు దేశంలో ఒక్కరూ లేకపోయినా అది లేదని మార్కు కోస్తారు. బండి ఱకూ మామూలు రకూ పలుకులో భేదం పోయి వందల యేండ్లయినా, ఒకదానికి బదులు ఒకటి పడితే తప్పే. పదేండ్లు చదివి బయటికి వచ్చినవాడు తన తల్లికి తెలుగులో ఒక ఉత్తరం ధైర్యంగా వ్రాయలేడు. ఇంగ్లీషులో వ్రాయడం మేలనుకుంటాడు. 1830లో చెన్నపట్నంనుంచి కాశీకి బయలుదేరిన యేనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రంతా హాయిగా వాడుక తెలుగులో వ్రాసిపెట్టినారు. ఆయన మనవల తరానికి ఆ హాయి లేకుండా పోయింది.

1907 ప్రాంతాన స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వున్న యేట్సు అనే దొర ఉత్తర జిల్లాలకు వచ్చినాడు. ఈ పుస్తకపు తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా యెందుకని అడిగినాడు. చాలామందికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. రామమూర్తిగారికి, అప్పారావుగారికి మాత్రం అది తమ మనసులో మాట. విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు వీరితో చేరినారు. ఆయన తమిళులు. తెలుగు పిల్లల తెలుగు కోసం గొంతెత్తినవారిలో ఒక తమిళుడు ముందు వరుసలో వున్నాడని మనం, ఈ నేల మీద వుండేవాళ్లం, మరచిపోరాదు.

పంతులుగారు 1911లో ఉద్యోగం విరమించి, తక్కిన బ్రతుకంతా దీనికే ఇచ్చినారు. ఆ ఊళ్లలో పరీక్షల వ్యాసాలు వాడుక భాషలోను వ్రాయవచ్చునని అనుమతి రావడంతో పండితలోకం భగ్గుమన్నది. జయంతి రామయ్య పంతులుగారు నాయకులుగా 1911లో చెన్నపట్నంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసింది. వాడుక భాష వస్తే భారత భాగవతాలు మూలబడతాయని, ఊరికొక భాషగా తెలుగు చీలిపోతుందని వారి భయం. ఆ రెండవ భయం ఊరికే కొట్టివేయదగినది కాదు. విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో వాడుక పక్షం ఓడిపోయింది. అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిని పెద్ద పత్రంగా వ్రాసి ఇచ్చినారు. అనుమతి రద్దయింది. 1915 నవంబరులో అప్పారావుగారు పోయినారు. పంతులుగారికి అప్పటికి యాభై రెండేండ్లు, కుడిభుజం విరిగినట్టయింది.

అక్కడినుంచి ఆయన చేసిన పోరాటపు తీరు చూడండి. ఆవేశంతో తిట్టడం కాదు. శాసనాలూ తాటాకు గ్రంథాలూ ముందు పెట్టి, ఇదుగో మీ పూర్వులు వ్రాసిన వచనం, ఇందులో వాడుక మాటలెన్నో చూసుకోండి అనే పద్ధతి. గద్యచింతామణి ఆ పని చేసింది. వ్యాకరణాలు తప్పన్న రూపాలను ప్రాచీన కవులే ప్రయోగించినారని బాలకవి శరణ్యంలో యెత్తి చూపినారు. మరొక పుస్తకంలో, గ్రాంథికం తప్ప పనికిరాదనే పండితులు తమ గ్రాంథికంలో తామే చేసిన తప్పులను పట్టికవేసి అచ్చువేయించినారు. దీనితో ఆయనకు శత్రువులు పెరిగినారు గాని జవాబు చెప్పినవారు లేకపోయినారు. ఊరూరా సభలు చేసినారు. పుస్తకాల మూట వెంట పెట్టుకొని, ఖర్చు తమదే పెట్టుకొని తిరిగినారు. 1919లో రాజమహేంద్రవరంలో వాడుక భాషా సమాజం యేర్పడినప్పుడు అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఒకప్పుడు గ్రాంథికంలో పుంఖానుపుంఖంగా వ్రాసిన ఆ వృద్ధుడు చివరి రోజుల్లో ఇటు చేరడం పెద్ద బలం. ఆ మే నెలలోనే ఆయన కాలధర్మం చెందినారు. అదే యేడు రామమూర్తిగారు తెలుగు అనే మాసపత్రిక మొదలుపెట్టి కొంతకాలం నడిపినారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పంతులుగారు వ్రాతకు తగినదన్నది శిష్టుల వాడుకను, అంటే చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడే తెలుగును. ఎవరి ఊరి మాట వారు వ్రాయవచ్చునని ఆయన అనలేదు. ఆ శిష్టుల తెలుగు కాలక్రమాన గోదావరి కృష్ణా జిల్లాల తెలుగుగా స్థిరపడింది. తెలంగాణమువారు, రాయలసీమవారు, మనవంటి యెల్ల అవతలివారు మళ్లీ గుమ్మం బయట మిగిలినాం. మా అవ్వను నవ్విన పెద్దాయన గ్రాంథికవాది కాడు. వార్తాపత్రిక చదివే వాడుకభాషవాడే. అయితే ఆ పెద్దాయన మరచినది, పంతులుగారి చేతిలో వున్నది ఒకటుంది: సవర వ్యాకరణం. లిపి లేనిదానికీ, పుస్తకం లేనిదానికీ, దేశంలో గౌరవం లేనిదానికీ భాష అనే పేరు నిండుగా చెల్లుతుందని అది చెబుతుంది. ఒక తెలుగు పరీక్షకూ వార్తాపత్రికకూ తగిన తెలుగు, అది ఒక అవసరం. ఒక ఇంట్లో తల్లి బిడ్డతో మాట్లాడే తెలుగు, అది వేరు. దానికి యెవరి అనుమతీ అక్కరలేదు. మన ఇండ్లలో ఇప్పటికీ వచ్చినాడు, పోయినాడు అంటాం. కోస్తావారు వచ్చాడు, పోయాడు అంటారు. రెండింటిలో పాత రూపం మనదేనని చెబితే ఆ పెద్దాయన యేమనేవారో!

పంతులుగారి చివరి దశలో సరిహద్దు ఆయన ఇంటిమీదికే వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఊరు, జమీందారీలో కొంతభాగంతో సహా, అందులో చేరింది. తెలుగువారెక్కువగా వున్న ఊరని వాదించినవారిలో ఆయన ముందున్నారు. వాదం సాగలేదు. ఏబదియారేండ్లు బ్రతికిన ఊరు విడిచి, డెబ్బది మూడవ యేట రాజమహేంద్రవరం చేరినారు. దీని రుచి మన ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరు జిల్లాతో వున్న తిరుత్తణి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. చెంగల్పట్టు జిల్లా ఊళ్లు కొన్ని అటు పోయినాయి. తేదీ కూడా ఒకటే, ఏప్రిల్ ఒకటి. ఊళ్లు కదలలేదు, గీత కదిలింది. ఏటికి ఈ గీత తెలియదు. ఆంధ్రదేశపు కొండల్లో పుట్టిన ఆరణి యేరు ఊత్తుక్కోట, పెరియపాళెం దాటి మన ఊరికి వస్తూనే వుంది.

చిత్రమేమిటంటే అదే 1936లో మంగై గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపి కల్పించినాడు. భాషే లేదన్న జనానికి లిపి కూడా వచ్చింది.

గౌరవాలు ఆయనను ఆలస్యంగానైనా వెదుక్కుంటూ వచ్చినాయి. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని అచ్చువేసింది, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1934లో కైజర్ ఇ హింద్ బంగారు పతకం. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయంవారి కళాప్రపూర్ణ. ఆయన శిష్యులు తాపీ ధర్మారావుగారు తమ జనవాణి పత్రికను వాడుక భాషలోనే నడిపి చూపినారు. కుమారులు సీతాపతిగారు సవరలోను తెలుగులోను తండ్రి పని కొనసాగించినారు.

1940 జనవరి 15న, ఒంట్లో బాగా లేకపోయినా, పంతులుగారు చెన్నపట్నంలో ప్రజామిత్ర కార్యాలయానికి వెళ్లి పత్రికా సంపాదకులతో మాట్లాడినారు. పత్రికలు వాడుక తెలుగులో వ్రాయాలనే ఆ చివరి విన్నపం తప్ప వేరే కోరిక చెప్పలేదు. వారం తిరిగింది. జనవరి 22న కన్నుమూసినారు. బడి పుస్తకాలూ విశ్వవిద్యాలయాలూ ఆయన దారికి పూర్తిగా రావడానికి ఇంకా మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఇప్పుడు ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ముండా భాషలను పరిశోధించే పండితులు, యే దేశంవారైనా, సవర దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ మొదట తెరిచేది పర్లాకిమిడి మాస్టరుగారి 1931 నాటి పుస్తకాన్నే.